గుంపులో గోవిందా అంటే కోర్టు ఏమంటుంది?

2022 జూన్ 17 ఉదయం, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్. అంతకు మూడు రోజుల ముందే కేంద్రం, కుర్రాళ్ళను నాలుగేళ్ళకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించింది. సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే లేచి గ్రౌండు చుట్టూ పరుగులు తీసిన కుర్రాళ్ళు, దేహదారుఢ్య పరీక్ష నెగ్గి రాతపరీక్ష కోసం నెలల తరబడి కూర్చున్నవాళ్ళు వాట్సాప్‌లో కబురందుకుని జిల్లాల నుంచి వచ్చేశారు. నినాదాలతో మొదలైంది. కాసేపటికే బోగీలు తగలబడ్డాయి, పార్శిల్ సామాను పట్టాల మీద కాలిపోయింది. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. సాయంత్రానికి స్టేషన్ పోలీసుల చేతికొచ్చింది.

టీవీలు అక్కడితో ఆపేస్తాయి. కేసు అక్కడ మొదలవుతుంది. వందల మంది పరిగెత్తిన చోట ఎవరిని పట్టుకోవాలి, ఏ నేరం మోపాలి, దాన్ని ఏళ్ళ తర్వాత కోర్టులో ఎలా నిలబెట్టాలి?

మనకు రెండు సామెతలున్నాయి. గుంపులో గోవిందా అనేవాడిది ఒకటి: అందరిలో కలిసిపోతే నన్నెవరు గుర్తుపడతారన్న ధీమా. రెండోది, దొరికినవాడే దొంగ. అల్లర్ల కేసులన్నీ ఈ రెండు సామెతల మధ్యే నలుగుతాయి. మొదటి ధీమా ఎవరికీ ఉండకూడదని చట్టం గుంపు మీద చాలా పెద్ద వల వేసింది. వల ఎంత పెద్దదైతే అందులో అమాయకులు పడే ప్రమాదం అంత ఎక్కువ కాబట్టి, రుజువు దగ్గరికి వచ్చేసరికి కోర్టులు ఆ వల కన్నాలను గట్టిగా పరీక్షిస్తాయి. మన దగ్గర ఇలాంటి కేసులు ఎందుకు వీగిపోతాయో తెలియాలంటే ముందు ఆ వల ఎలా అల్లారో చూడాలి.

తెలుగులో దీనికి పాత మాట దొమ్మీ. ఇప్పటికీ ఎఫ్ఐఆర్లలో, జిల్లా పేజీ వార్తల్లో ‘దొమ్మీ కేసు’ కనిపిస్తుంది. దొమ్మీకి పునాది చట్టవిరుద్ధ సమూహం. ఐదుగురు, అంతకు మించి జనం ఒక చోట చేరి, చట్టం చెప్పిన ఐదు రకాల లక్ష్యాల్లో ఒకటి పెట్టుకుంటే అది చట్టవిరుద్ధ సమూహం. బలప్రయోగంతో ప్రభుత్వాన్ని లొంగదీయడం, చట్టం అమలును అడ్డుకోవడం, ఆస్తి ధ్వంసం లాంటి నేరం చేయడం, దౌర్జన్యంగా స్వాధీనం చేసుకోవడం, ఒకరిని బలవంతంగా ఒక పని చేయించడం లేదా మానిపించడం - ఇవీ ఆ లక్ష్యాలు. పాత శిక్షాస్మృతిలో ఇది 141వ సెక్షన్. 2024 జూలై 1 తర్వాతి ఘటనలకు భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షన్. సికింద్రాబాద్ ఘటన 2022 నాటిది కాబట్టి విచారణ ఎప్పుడు జరిగినా పాత సెక్షన్లే వర్తిస్తాయి.

ఐదుగురు చేరడం నేరం కాదు. లక్ష్యం నేరం. ధర్నాకు వచ్చిన ఐదు వేల మంది చట్టబద్ధ సమూహమే. అయితే సెక్షన్ కింది వివరణ ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు: చేరినప్పుడు చట్టబద్ధంగా ఉన్న గుంపు తర్వాత చట్టవిరుద్ధం కావచ్చు. ఉదయం పది గంటలకు వినతిపత్రం ఇవ్వడానికి వచ్చిన జనమే పదిన్నరకు రాళ్ళు తీస్తే, ఆ క్షణం నుంచి వాళ్ళ హోదా మారిపోతుంది. అలా మారిందని తెలిసీ కావాలని చేరినవాడు, లేదా అందులో కొనసాగినవాడు దాని సభ్యుడు. ఈ ‘కొనసాగడం’ అన్న మాట చాలా జీవితాలను తిప్పేస్తుంది. మొదటి రాయి పడగానే పక్క సందులోకి వెళ్ళిపోయినవాడికి చెప్పుకోడానికి మాటుంది. అరగంట తర్వాత కూడా ఫోను పైకెత్తి వీడియో తీస్తూ నిలబడ్డవాడు, తాను చూడడానికే నిలబడ్డానని కోర్టును నమ్మించుకోవాల్సిన స్థితికి వస్తాడు. రుజువు బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. కానీ ఆచరణలో ఆ నమ్మించే పనికి లాయరు ఫీజుతో పాటు ఏళ్ళూ ఖర్చవుతాయి.

ఈ సభ్యత్వానికే ఆరు నెలల దాకా జైలు ఉంది. గుంపులో ఎవరో ఒకరు బలప్రయోగం చేస్తే అది దొమ్మీ, అప్పుడు సభ్యులందరికీ రెండేళ్ళ దాకా. మారణాయుధం చేతిలో ఉన్నవాడికి పాత చట్టంలో మూడేళ్ళు, కొత్త సంహితలో ఐదేళ్ళ దాకా. ఈ అంకెలు చూసి ఇంతేనా అనుకునేవాళ్ళు అసలు సెక్షన్ దాకా రాలేదన్నమాట.

అది పాత 149, కొత్త 190. ఉమ్మడి లక్ష్యం నెరవేర్చే క్రమంలో గుంపులో ఏ ఒక్కరు నేరం చేసినా, లేదా అలాంటి నేరం జరగవచ్చని సభ్యులకు తెలిసినా, ఆ సమయంలో సభ్యుడిగా ఉన్న ప్రతి ఒక్కడూ ఆ నేరం చేసినట్టే. కర్ర పట్టినవాడు వేరు, కొట్టినవాడు వేరు, చచ్చేలా కొట్టినవాడు వేరు అన్న వాదన ఇక్కడ పనిచేయదు. హత్య జరిగితే అందరి మీదా హత్యే. సాధారణంగా నేర చట్టం ఒక్కొక్కడు ఏం చేశాడని అడుగుతుంది. ఈ సెక్షన్ మాత్రం వాడు ఎవరితో ఉన్నాడని అడిగి సరిపెట్టుకుంటుంది.

1922 ఫిబ్రవరి 4న గోరఖ్‌పూర్ దగ్గర చౌరీచౌరాలో ఊరేగింపు మీద కాల్పులు జరిపిన పోలీసులను జనం ఠాణాలో పెట్టి తగలబెట్టినప్పుడు, సెషన్స్ జడ్జి 172 మందికి ఉరి విధించగలిగింది ఈ తరహా ఉమ్మడి బాధ్యతతోనే. అలహాబాద్ హైకోర్టు 1923 ఏప్రిల్‌లో సాక్ష్యాలను మళ్ళీ జల్లెడ పట్టింది. 19 మందికే ఉరి ఖరారు చేసింది. ఎక్కువ మందికి ద్వీపాంతరం, జైలు, కొందరిని విడిచిపెట్టింది. ఒకే గుంపు, ఒకే చట్టం, అదే సాక్ష్యం. రెండు కోర్టుల లెక్కల మధ్య నూట యాభైకి పైగా ప్రాణాల తేడా. ఆ కేసులో ప్రధాన సాక్ష్యం అప్రూవర్‌ది, అంటే గుంపులో ఉండి ప్రభుత్వం వైపు మారినవాడిది. వాడి మాటకు మరో ఆధారం తోడైతేనే నమ్మాలన్న జాగ్రత్త ఎందుకో ఆ తేడా చూస్తే అర్థమవుతుంది.

స్వతంత్రం వచ్చాక ఈ సెక్షన్‌కు హద్దులు గీసిన తీర్పుల్లో ఇప్పటికీ అందరూ ఎత్తేది 1964 నాటి మసల్తీ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఒక కుటుంబంలో ఐదుగురిని పెద్ద గుంపు చంపింది. ఒక్కొక్కడు ఏ చేత్తో ఏం చేశాడో చెప్పకపోయినా సభ్యుడని రుజువైతే చాలని సుప్రీంకోర్టు చెప్పింది. అదే నోటితో ఇంకో జాగ్రత్తనూ సమర్థించింది. గుంపు పెద్దదైనప్పుడు, ఒక్క సాక్షి ‘వీడూ ఉన్నాడు’ అంటే సరిపోదు. కనీసం ఇద్దరు ముగ్గురు లేదా అంతకు ఎక్కువ మంది సాక్షులు ఒకే మాట మీద నిలబడితేనే ఆ నిందితుడికి శిక్ష వేయాలన్న కొలబద్దను హైకోర్టు వాడింది. దాన్ని యాంత్రికం అనుకున్నా, ఇలాంటి కేసుల్లో పనికొచ్చేదేనని సుప్రీం అంది. ఇప్పుడు సెషన్స్ కోర్టులో దొమ్మీ కేసు నడుస్తుంటే డిఫెన్సు లాయరు ముందుగా పట్టిక గీసేది దీనికోసమే: నిలువుగా నిందితులు, అడ్డంగా సాక్షులు, ఎవరు ఎవరి పేరు చెప్పారు. ఆ పట్టికలో ఒక్క టిక్కే ఉన్నవాడి పేరు దగ్గర లాయరు మొహం వికసిస్తుంది.

అదలా ఉంచి, అరెస్టు నాటికి వెళ్దాం. ఎఫ్ఐఆర్‌లో మొదట పది పన్నెండు పేర్లుంటాయి, ఆ తర్వాత ‘మరికొందరు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాట తలుపు తెరిచి ఉంచుతుంది. తర్వాతి వారాల్లో వీడియోల నుంచి, టవర్ డేటా నుంచి, పట్టుబడ్డవాడి నోటి నుంచి ఒక్కో పేరూ దాని గుండా లోపలికి వస్తుంది. ఏ1, ఏ2 అనే వరుస ఏ60 దాకా పోవడం మామూలే. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం నేరం ఒప్పుకున్నట్టుగా కోర్టులో చెల్లదు. అయినా ఒక పేరును కేసులోకి తేవడానికి మాత్రం అది బాగా ఉపయోగపడుతుంది.

ఇక్కడ సామాన్యులకు అంతుపట్టని విషయం ఒకటుంది. దొమ్మీ నేరం బెయిలబుల్. స్టేషన్లోనే జామీను ఇవ్వొచ్చు. అలాంటప్పుడు కుర్రాళ్ళు వారాల తరబడి జైల్లో ఎందుకుంటారు? దొమ్మీతో పాటు వచ్చే సెక్షన్ల వల్ల. పోలీసుకు రాయి తగిలితే హత్యాయత్నం, ఆస్తికి నిప్పంటిస్తే 1984 నాటి ప్రజా ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం. ఆ చట్టంలో నిప్పుతోనో పేలుడు పదార్థంతోనో చేసిన ధ్వంసానికి కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్ళు. రైలు విషయంలో రైల్వే చట్టం 150వ సెక్షన్ యావజ్జీవం దాకా పోతుంది. వీటిని ఉమ్మడి బాధ్యత సెక్షన్‌తో కలిపితే, నినాదం ఇచ్చినవాడి మీదా హత్యాయత్నం పడుతుంది. అసలు ఆ రాయి చంపే ఉద్దేశంతో విసిరిందేనా అన్న చర్చ ఛార్జిషీటు తర్వాత ఎప్పుడో వస్తుంది. అప్పటికి వాడు జైలు కూడు తిని వచ్చేసి ఉంటాడు. నా మాట అడిగితే, మన దగ్గర అల్లర్ల కేసుల్లో పడే శిక్షలో సింహభాగం ఈ మొదటి నెలల్లోనే పడుతుంది. తీర్పుకు పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

రుజువు దగ్గరికొద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పట్టుబడ్డవాళ్ళను మీడియా ముందుకు తెచ్చేటప్పుడు పోలీసులు మొహానికి గుడ్డ కప్పడం మీరు చూసే ఉంటారు. అది వాళ్ళ పరువు కోసం కాదు. సాక్షి ఆ మొహాన్ని టీవీలో ముందే చూసేస్తే, తర్వాత జైల్లో మెజిస్ట్రేట్ ముందు జరిగే గుర్తింపు పరేడ్‌కు విలువ పోతుంది. ఆ పరేడ్‌లో నిందితుణ్ణి పోలికలున్న మరికొందరి మధ్య నిలబెట్టి, సాక్షిని వాడెవరో చూపించమంటారు. అప్పుడు గుర్తుపట్టినా అది దర్యాప్తుకు సాయమే తప్ప స్వతంత్ర సాక్ష్యం కాదు. సాక్షి మళ్ళీ కోర్టు హాల్లో, బోనులో ఉన్నవాణ్ణి చూపించి ‘ఇతనే’ అనాలి. మధ్యలో నాలుగైదేళ్ళు గడుస్తాయి. పద్దెనిమిదేళ్ళ వయసులో మీసం సరిగా రాని పిల్లవాడు పెళ్ళై ఒళ్ళు చేసి కోర్టుకొస్తాడు. వేరే సాక్షి ఎవరూ లేకపోతే మిగిలేది ఆ రోజు డ్యూటీలో ఉన్న కానిస్టేబులే. రాళ్ళ వాన కింద లాఠీ, డాలు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇరవై మంది మొహాలు, చేతిలో ఉన్న వస్తువులు వరుసగా చెబితే జడ్జి నమ్మడానికి తటపటాయిస్తారు. అందరి మీదా ఒకే వాక్యం అంటించే సాక్ష్యాన్ని కోర్టులు గుండుగుత్త సాక్ష్యంగా పక్కన పెడతాయి.

తుని కేసు మనకు దగ్గరి పాఠం. 2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల కోసం జరిగిన ఐక్య గర్జన సభ తర్వాత జనం పట్టాల మీదికొచ్చారు. విశాఖ నుంచి విజయవాడ వెళ్తున్న రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది, తగలబడిపోయింది. ప్రయాణికులు దిగిపోయారు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. పోలీస్ స్టేషన్ మీదా దాడి జరిగింది. రైలు తగలబడడం లక్షల మంది టీవీలో చూశారు. రైలును ఎవరో తగలబెట్టారన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు, ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం సహా 41 మంది మీద ఉన్న కేసును కొట్టేసింది. దర్యాప్తు తీరును తప్పుపట్టింది. అంత జరిగిన రైల్లో ప్రయాణించిన వందల మందిలో కోర్టు దాకా వచ్చి ఫలానావాడు నిప్పు పెట్టాడని చెప్పేవాళ్ళు లేకపోతే, ఏ న్యాయమూర్తైనా చేయగలిగింది అంతకు మించి ఉండదు. నేరం రుజువైంది, నేరస్థుడు రుజువు కాలేదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ‘అయితే రైలు తనంతట తానే కాలిందా’ అని అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కోర్టు కాదు, దర్యాప్తు.

దీనికి అటు వైపు చూపించేది గుజరాత్ కేసు. 2002 ఫిబ్రవరి 28న వడోద్ అనే ఊళ్ళో గుంపు మసీదునూ శ్మశానాన్నీ చుట్టుముట్టింది. పోలీసులు వచ్చి చెదరగొట్టారు, పరుగులు పెడుతున్నవాళ్ళలో కొందరిని అక్కడికక్కడే పట్టుకున్నారు. ట్రయల్ కోర్టు నిందితులందరినీ వదిలేసింది. 2016లో హైకోర్టు కొందరి విషయంలో ఆ తీర్పును తిరగేసి, ఏడాది జైలు వేసింది. అక్కడే దొరికారు కదా, ఇంకేం రుజువు కావాలన్నది హైకోర్టు ఆలోచన సారాంశం. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆరుగురినీ విడిచిపెట్టింది. వాళ్ళది ఆ ఊరే. సొంత ఊళ్ళో గొడవ జరుగుతుంటే జనం బయటికొచ్చి చూడడం సహజం. చేతిలో ఆయుధం దొరకలేదు, మండే వస్తువు దొరకలేదు, వాళ్ళు ఫలానా పని చేశారని ఎవరూ చెప్పలేదు. చోద్యం చూడ్డానికి వచ్చినవాడికీ గుంపు సభ్యుడికీ తేడా పాటించాలని, ముఖ్యంగా రెండు వర్గాల గొడవల్లో కోర్టులు మరీ జాగ్రత్తగా ఉండాలని ధర్మాసనం చెప్పింది. దొరికినవాడే దొంగ అన్న సామెతకు సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు అదీ. అయితే ఆ జవాబు రావడానికి పట్టింది ఇరవై మూడేళ్ళు.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కోపం వచ్చేది న్యాయమూర్తుల మీద కాదు. తుని ఊళ్ళోవాడు తునిలో ఉండడం, వడోద్ ఊళ్ళోవాడు వడోద్‌లో ఉండడం నేరానికి ఆనవాలు ఎలా అవుతుంది? దర్యాప్తు అధికారులు మనిషి అక్కడ ఉన్నాడని చూపించడం మీద పెట్టిన శ్రమలో సగమైనా, వాడు ఏం చేశాడో చూపించడం మీద పెట్టరు. చట్టంలో ఉమ్మడి బాధ్యత సెక్షన్ ఉండడమే వాళ్ళను బద్ధకస్థుల్ని చేసిందనిపిస్తుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాయి కదా, ఆ చిక్కులేమీ ఉండవనుకుంటాం. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన అల్లర్లలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. అక్కడా పోలీసులు మొదట వెతికింది వీడియోలను, వాట్సాప్ గ్రూపులను. వీడియో మంచి సాక్ష్యమే. అయితే కోర్టుకు రావాల్సింది నలుగురి చేతులు మారిన ఫార్వర్డ్ కాదు. తీసిన ఫోను ఏది, ఎవరు తీశారు, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని రుజువేంటి? ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, మధ్యలో కొంత గందరగోళం వచ్చాక 2020లో మళ్ళీ తేల్చి చెప్పింది. కొత్త సాక్ష్య చట్టంలో ఆ సర్టిఫికెట్‌లో హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే అల్లర్ల రాత్రి వీడియోలు పోగేసే హడావుడిలో ఉన్న ఎస్సైకి హాష్ గుర్తొస్తుందా అన్నది వేరే సంగతి.

టవర్ లొకేషన్ ఇంకా బలహీనం. ఒక టవర్ కిందికి పేటలకు పేటలు వస్తాయి. అమలాపురంలో ఉండేవాడి ఫోను అమలాపురం టవర్ పట్టుకోవడం వింతేమీ కాదు. బయటి జిల్లా నుంచి వచ్చినవాడి విషయంలో దానికి కాస్త విలువుంది. మొహాలు పోల్చే సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకోటి. 80 శాతం పోలిక వస్తే సరిపోలినట్టే తీసుకుంటామని ఢిల్లీ పోలీసులు ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. మిగిలిన ఇరవై శాతంలో ఎంతమంది అన్నదమ్ములు ఉంటారో!

ఇంగ్లండ్‌తో పోల్చకుండా ఉండలేం. 2024 జూలై 30న సౌత్‌పోర్ట్‌లో మొదలై ఊరూరా పాకిన అల్లర్లలో, ఆగస్టు 7 నాటికే కొందరికి జైలు శిక్షలు పడ్డాయి. ఎనిమిది రోజులు! అక్కడి జడ్జీలు మాంత్రికులు కారు. 1986 చట్టంలో దొమ్మీకి పన్నెండుమంది కావాలి, పదేళ్ళ దాకా శిక్ష. ప్రాసిక్యూటర్లు దాని జోలికి పెద్దగా పోకుండా, ముగ్గురుంటే చాలే ‘హింసాత్మక అలజడి’ నేరం కింద ఎక్కువమందిని నిలబెట్టారు. దానికి గరిష్ఠం ఐదేళ్ళు, రుజువు సులువు. మొదట్లోనే నేరం ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు తగ్గుతుంది. వీధి కెమెరాలో తన మొహం చూసుకున్నవాడు లాయరు చెప్పినట్టు ఒప్పేసుకున్నాడు. మన చట్టంలోనూ నేరం ఒప్పుకుని బేరమాడుకునే వీలు 2006 నుంచి ఉంది. కానీ ఇక్కడ నిందితుడికి అది తెలివితక్కువ బేరం. ఎలాగూ సాక్షులు రారు, ఎలాగూ ప్రభుత్వం మారుతుంది.

అవును, ప్రభుత్వం మారడం. మన అల్లర్ల కేసుల్లో చివరి అంకం చాలాసార్లు కోర్టు హాల్లో కాక సచివాలయంలో జరుగుతుంది. నేర ప్రక్రియ చట్టం పాత 321, కొత్త 360వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవచ్చు. పేరుకు అది ప్రాసిక్యూటర్ స్వతంత్ర నిర్ణయం. జీవో ముందు వస్తుంది, ఆయన స్వతంత్రం తర్వాత వస్తుంది. తెలంగాణ ఉద్యమ కేసులు రాష్ట్రం వచ్చాక చాలావరకు ఎత్తేశారు. అమలాపురం కేసులు ఎత్తేస్తామని ఏడాది తిరక్కుండానే, 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రకటించారు. తుని కేసుల్లో రాష్ట్రం పెట్టినవి చాలా ముందే పోయాయి.

మరి రైలు కేసు 2023 దాకా ఎందుకు నడిచింది? సెక్షన్‌లోనే జవాబుంది. కేంద్ర కార్యనిర్వాహక అధికారం కిందికొచ్చే చట్టాల కేసులను ఉపసంహరించాలంటే కేంద్రం అనుమతి కావాలి. రైల్వే చట్టం అలాంటిదే. అందుకే ఉద్యమాల్లో రైలు ముట్టుకున్నవాళ్ళకు రాష్ట్రంలో ఎవరు అధికారంలోకొచ్చినా కేసు నీడలా వెంటాడుతుంది. దాదాపు పదేళ్ళు ముఖ్యమంత్రిగా చేసిన కేసీఆర్ సైతం 2011 నాటి రైల్ రోకో కేసు కోసం 2024లో హైకోర్టును ఆశ్రయించాల్సి వచ్చింది. తుని తీర్పు మీద అప్పీలుకు వెళ్ళాలని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రావడం, వెంటనే దాన్ని వెనక్కి తీసుకోవడం చూస్తే, తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఆ రైలు ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది.

ఎత్తివేతలకు కోర్టులు కళ్ళెం వేయలేదని కాదు. 2015 మార్చి 13న కేరళ శాసనసభలో బడ్జెట్ రోజు ఎమ్మెల్యేలు మైకులు, కుర్చీలు విరగ్గొట్టిన కేసును ఉపసంహరించడానికి సుప్రీంకోర్టు 2021 జూలైలో ఒప్పుకోలేదు. ఆ తర్వాత పక్షం రోజులకే, ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని ఆదేశించింది. కొత్త 360లో ఇంకో వాక్యం చేరింది: ఉపసంహరణకు ముందు బాధితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తగలబడ్డ బండి యజమాని, పగిలిన దుకాణం వాడు ఇన్నాళ్ళూ ఈ కథలో ఎక్కడా లేరు. ఇప్పుడైనా కోర్టు తలుపు దగ్గర నిలబడే హక్కొచ్చింది.

నష్టపరిహారం గురించి ఒక్క మాట. ఈ విషయంలో దేశానికి దారి చూపించాల్సిన సుప్రీంకోర్టు తీర్పు పేరులోనే ఆంధ్రప్రదేశ్ ఉంది: 2009 ఏప్రిల్ నాటి ‘ప్రభుత్వ, ప్రైవేటు ఆస్తుల విధ్వంసం’ కేసు, ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. కె.టి. థామస్, ఫాలీ నారిమన్ కమిటీల సిఫార్సులు తీసుకుని, పిలుపిచ్చిన నాయకులనూ బాధ్యులను చేయాలని, నష్టం లెక్కకు కమిషనర్లను పెట్టాలని చెప్పింది. ముక్కుపిండి వసూలు చేసిన సందర్భాలు మాత్రం తక్కువ. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, ధ్వంసమైన ఆస్తి విలువంత డబ్బు కట్టిస్తేనే బెయిల్ ఇవ్వాలంది. బోగీ ఖరీదు కట్టగలిగినవాడు ఆ రోజు ప్లాట్‌ఫారం మీద ఒక్కడైనా ఉన్నాడా అని ఆ కమిషన్ అడిగినట్టు లేదు.

మళ్ళీ సికింద్రాబాద్ కుర్రాడి దగ్గరికి. స్టేషన్ తగలబడ్డ రెండు రోజులకు, 2022 జూన్ 19న ఢిల్లీలో విలేకరుల ముందు లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురి ఒక మాట చెప్పారు. అగ్నివీర్‌కు, అంటే అగ్నిపథ్ కింద సైనికుడి కొలువుకు, దరఖాస్తు చేసే ప్రతివాడూ తాను ఈ ఆందోళనల్లో, విధ్వంసంలో లేనని రాసివ్వాలి, పోలీసు ధ్రువీకరణ లేనిదే ఎవరినీ తీసుకోం. ఏ కొలువు కోసం గుంపులోకి వెళ్ళాడో ఆ కొలువు తలుపు అక్కడే మూసుకుపోయింది, కేసు ఇంకా ఛార్జిషీటు దశకు కూడా రాకముందే.

తీర్పు వచ్చి నిర్దోషి అని తేలినా సంగతి పూర్తిగా మారదు. సంశయ లబ్ధి మీద, అంటే రుజువులో అనుమానం మిగిలినందువల్ల, బయటపడ్డవాడిని తీసుకోవాలా వద్దా అని ఆలోచించుకునే హక్కు పోలీసు శాఖ లాంటి చోట్ల యజమానికి ఉందని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2016లో అవతార్ సింగ్ కేసులో కాస్త దయ చూపింది: కుర్రతనంలో నినాదాలివ్వడం లాంటి చిన్న కేసును దాచిపెట్టినా యజమాని దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చంది. రైలు బోగీ ఆ జాబితాలోకి రాదు. కాబట్టి దరఖాస్తు ఫారంలో ‘మీ మీద కేసులున్నాయా’ అన్న గడి దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయడమే మంచిదని లాయర్లు చెబుతారు. కేసు కన్నా దాన్ని దాచడం ఎక్కువ ఉద్యోగాలు తీసింది.

ప్రభుత్వ కొలువు పోతే పోయింది, గల్ఫ్‌కు పోదామనుకునేవాళ్ళు కోనసీమలో, కరీంనగర్‌లో చాలామంది. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం నేర విచారణ పెండింగ్‌లో ఉన్నవాడికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 ఆగస్టు నోటిఫికేషన్ ఒక కిటికీ తెరిచింది: కేసు నడుస్తున్న కోర్టు అనుమతిస్తే ఇస్తారు. ఎంతకాలానికో కోర్టు తన ఉత్తర్వులో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. గడువు ఆరు నెలల కన్నా తక్కువ మిగిలిన పాస్‌పోర్టు మీద చాలా దేశాలు వీసా వేయవు. అందుకే ఇలాంటి పిటిషన్ వేసేటప్పుడు, ఫలానా కాలానికి అనుమతి ఇస్తున్నట్టు ఉత్తర్వులోనే రాయమని జడ్జిని అడగడం వకీలు మరిచిపోకూడదు.